జానకమ్మ పేరు లేని జాబితా

మార్ల్‌ఫర్డ్, ఒంటారియో
నవంబరు 16, ఆదివారం

సుందరక్కకి తమ్ముడు చక్రధర్ నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ నేనూ, విద్యా, మృదులా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. మామూలుగా అయితే ఉభయకుశలం అని ఒక్క ముక్క రాసేసి ముందుకు పోయేవాణ్ణి. ఈసారి మాత్రం కుశలం ఒంటి వరకే.

నీ ఉత్తరం నా చేతికి రావడానికి నలభై రోజులు పట్టింది. ఇక్కడ పోస్టు వాళ్ళు సమ్మె చేశారు. సమ్మె వల్ల ఆలస్యమైందంటే నీకు కోపం రాదని తెలుసు, పైగా మంచిపని చేశారంటావు. వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ కాగితాలెందుకని విద్య నవ్వుతుంది. నీకు సరిగా వినపడక, నేనన్న ప్రతి మాటకీ బావగారి వైపు తిరిగి "ఏవంటున్నాడు?" అని అడగడం, ఆయన నాలుగిళ్ళకు వినపడేటట్టు అరిచి చెప్పడం తనకి తెలియనిదేం కాదు. ఈ ఉత్తరంలో ఉన్నది బావగారి గొంతుతో వినాల్సిన సంగతి కాదు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో.

నువ్వు నాలుగు విషయాలు అడిగావు. మృదుల చదువు, నా భుజం నొప్పి, మా ఊరిని నగరంలో కలిపాక మాకు ఒరిగిందేమిటన్నది. నాలుగోది ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ అడిగావు. "జానకమ్మ గారినీ మిగతా పదిమంది ఆడవాళ్ళనీ సంఘంలోంచి తీసేసినవాడెవడు? లేబర్ బోర్డు లేబర్ బోర్డు అంటావేమిటి, బోర్డుకి నోరుంటుందా? ఎవడో ఒక మనిషి అని ఉంటాడు కదా. వాడి పేరు రాయి. ఇక్కడ మా అంగన్‌వాడీ వాళ్ళ మీటింగులో వాడికి శాపనార్థాలు పెట్టిస్తాను" అన్నావు. పేరు రాస్తాను. ముందు మిగతా మూడింటికీ జవాబు చెప్పనీ.

మృదుల హామిల్టన్‌లో నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. వారానికి రెండు రోజులు ఆసుపత్రిలో డ్యూటీ. సుందరత్త అల్లం కషాయం తాగమంటోందని చెబితే "డాడ్, దేర్ ఈజ్ నో ఎవిడెన్స్" అంది. ఆ మర్నాడే దగ్గు పట్టుకుని, అల్లం ఎంత వెయ్యాలో అత్తని కనుక్కోమని వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

నా భుజం అలాగే ఉంది. పదిహేడేళ్ళుగా, స్కేటింగ్ ఆడే ఐస్ రింకులో మంచు నున్నగా చేసే బండి నడిపేవాడి భుజం ఎలా ఉండాలో అలా ఉంది. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. నేను చెయ్యడం లేదు. చూశావా, చిన్న విషయాల్లో నిజం చెప్పడం ఎంత తేలికో.

ఇక మూడోది. పంచాయతీని తెచ్చి మున్సిపాలిటీలో కలిపితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? బోర్డు మారుతుంది, పన్ను పెరుగుతుంది. ఇక్కడా అంతే. జనవరి ఒకటిన మా మార్ల్‌ఫర్డ్ కాగితం మీద లేకుండా పోయింది. పక్కనున్న నగరంలో కలిసింది. మా మేయరు కూర్చున్న గదిలో ఇప్పుడు కుక్కలకు లైసెన్సులిస్తున్నారు.

ఊళ్ళు కలిస్తే పనివాళ్ళూ కలవాలి. నగరంలో పనిచేసే నాలుగు వందల మందికి ఒక సంఘం ఉంది. మా ఊళ్ళో నలభై తొమ్మిది మందికి మా సంఘం ఉండేది. ఒకే యజమాని దగ్గర ఒకే పని చేసేవాళ్ళకి రెండు సంఘాలు కుదరవన్నారు. కాబట్టి ఎవరెవరు ఒక జట్టుగా యజమానితో బేరమాడతారో ముందు ఒక జాబితా తేల్చాలి. దాన్నే ఇక్కడ బార్గెయినింగ్ యూనిట్ అంటారు. ఆ జాబితాలో పేరున్నవాళ్ళకే సంఘం, వాళ్ళకే ఓటు. ఏ సంఘం ఉండాలో లేబర్ బోర్డు ఓటు పెట్టి తేలుస్తుంది. నాలుగు వందల మందికీ నలభై తొమ్మిది మందికీ పోటీ పెడితే గెలుపెవరిదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. మా సంఘం పోతుందని మాకు ముందే తెలుసు. ఏ షరతుల మీద పోతుందన్నదే తేలాలి. ఆ సంఘానికి ప్రెసిడెంటుని నేను.

ఇక్కడ సీనియారిటీయే ప్రాణం. పనివాళ్ళని తగ్గిస్తే జాబితా అడుగున ఉన్నవాడు ముందు పోతాడు. నగరం సంఘం వాళ్ళు మమ్మల్నందర్నీ తమ జాబితా అడుగున చేరుస్తామన్నారు. మా దగ్గర పాతికేళ్ళు చేసినవాడైనా సరే, నిన్నగాక మొన్న నగరంలో చేరినవాడి కిందకే వస్తాడన్నమాట. మాలో ఫుల్ టైమ్ వాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళ ఏళ్ళు వాళ్ళకి దక్కాలని కొట్లాడాను. దక్కాయి. ఒక్క రోజు కూడా తగ్గకుండా దక్కాయి. మే నెలలో నీకు అదంతా గొప్పగా రాసుకున్నాను. నువ్వు శభాష్ అని జవాబు రాశావు. ఆ శభాష్‌ని రెండోసారి చదవలేక ఉత్తరాన్ని సొరుగులో పడేశాను.

ముప్ఫై ఎనిమిది పోగా మిగిలింది పదకొండు మంది. అందరూ ఆడవాళ్ళే, అందరూ పార్ట్ టైమే. లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాళ్ళు, మా రింకు గదులు కడిగేవాళ్ళు, బడి పిల్లల్ని రోడ్డు దాటించేవాళ్ళు. అందులో జానకమ్మ గారొకరు.

జానకమ్మ గారి గురించి ముక్కలు ముక్కలుగా రాస్తూనే ఉన్నాను గానీ, ఈ ఉత్తరంలో ఆవిడని సరిగ్గా నీ ముందు నిలబెట్టాలి. జగిత్యాల దగ్గర పల్లె ఆవిడది. అరవై ఒక్కేళ్ళుంటాయి. కొడుకు ప్రజ్వల్ సాఫ్ట్‌వేర్. చీర మీద ఆరెంజి రంగు చలికోటు తొడుక్కుని, చేతిలో స్టాప్ బోర్డు పట్టుకుని, పొద్దున గంటన్నర, మధ్యాహ్నం గంటన్నర బడి ముందు నిలబడతారు. మైనస్ ఇరవైలో కూడా. ఇంత వయసులో ఈ చలిలో ఎందుకమ్మా అని కొడుకు అంటే ఆవిడన్న మాట నాతో చెప్పి నవ్వారు. "ఇంట్ల కూసుంటే నేను నీ తల్లిని, అంతే. రోడ్డు మీద నిలబడి బోర్డు లేపితే ఊరు ఊరంత నా మాటకు ఆగుతది."

మూడేళ్ళ కిందటి దాకా ఆ పదకొండు మంది సంఘంలో లేరు. వారానికి ఇరవై నాలుగు గంటల లోపు పనిచేసేవాళ్ళని వదిలెయ్యడం ఇక్కడ చాలాచోట్ల రివాజు. "వాళ్ళని వాకిట్లో నిలబెట్టి మీరు లోపల జెండా ఎగరేస్తే అది సంఘమవుతుందట్రా?" అని రాసింది నువ్వే. నీకు కడుపుమంట ఉంది మరి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అన్నం పెట్టి అక్షరాలు నేర్పిన నిన్ను, నువ్వు ఉద్యోగివే కాదు పొమ్మన్నారు. గౌరవ వేతనం మీద సేవచేసే కార్యకర్తవన్నారు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని ఎన్ని ఎగ్గొట్టారో నీ ఉత్తరాల్లో చదివి పళ్ళు నూరినవాణ్ణి నేను. అందుకే సంఘం సభ్యత్వ కార్డుల కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను.

మొదటి సంతకం జానకమ్మ గారిదే. "తెలుగుల సంతకం పెడితే నడుస్తదా తమ్మీ?" అని అడిగారు. "నడుస్తుందక్కా" అన్నాను. కార్డంతా నిండేటట్టు పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టారు. పెట్టి, మిగతా కార్డులు నా చేతిలోంచి లాక్కున్నారు. పంజాబీ ఆవిడ, ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇక్కడే పుట్టిన తెల్ల ముసలమ్మలు. జానకమ్మ గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, వాళ్ళకి తెలుగు సున్నా. ఏం చెప్పారో నాకిప్పటికీ తెలీదు. వారం తిరక్కుండా పది కార్డులూ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ తర్వాత వాళ్ళకి చలికాలం బూట్లు ఇప్పించాం, జ్వరమొస్తే జీతం పోకుండా రోజులు ఇప్పించాం, నోటీసు లేకుండా ఎవర్నీ తీసెయ్యకూడదని రాయించాం. నాకు బండి నడపడం కంటే ఆ పనిలోనే ఎక్కువ గర్వం ఉండేది.

ఏప్రిల్‌లో ఓటింగు జరిగింది. లైబ్రరీ హాల్లో బల్ల వేసి బోర్డు తాలూకు అధికారి ఒకావిడ కూర్చున్నారు. వచ్చినవాళ్ళ పేర్లు సరిచూడటానికి ఒక్కో సంఘం తరఫున ఒక్కో మనిషి. మా తరఫున నేను. జానకమ్మ గారు పొద్దుటి డ్యూటీ కాగానే వచ్చారు. పట్టుచీర కట్టుకున్నారు అక్కా. ఆరెంజి కోటు తీసి చేతిమీద వేసుకుని వరసలో నిలబడ్డారు. తన వంతు రాగానే ఇంగ్లీషులో, నేర్చుకొచ్చిన మాటలా, "ఐ యామ్ జానకమ్మ, మెంబర్" అన్నారు. అధికారి జాబితా తిరగేసి నావైపు చూసింది. నేనూ తిరగేసినట్టు నటించాను. లేదని నాకు తెలియదూ!

"నీ పేరు లేదక్కా" అన్నాను.

"మంచిగ జూడు తమ్మీ. నాదే ఫస్టు కార్డు."

"పార్ట్ టైమ్ వాళ్ళని తీసేశారక్కా. బోర్డు వాళ్ళు."

ఆవిడ కాసేపు ఆ జాబితా కేసి చూశారు. ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు, అయినా చూశారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకోమన్నట్టు కదులుతున్నారు. నా మొహం చూసి ఏమనుకున్నారో, నన్నే ఓదార్చారు. "నువ్వేం జేస్తవ్ తమ్మీ, పెద్దపెద్దోళ్ళు జేసిన పని. మనసుల పెట్టుకోకు" అన్నారు. ఓటింగయ్యాక అందరం తిందామని సర్వపిండి చేసుకొచ్చారట, ఆ డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నేను కారులో కూర్చుని తిన్నాను. తినలేకపోయానని రాస్తే బాగుండును. ఆకలేసింది, మొత్తం తిన్నాను.

సెప్టెంబరులో బడులు తెరిచే వేళకి నగరం వాళ్ళు రోడ్డు దాటించే పనీ, గదులు కడిగే పనీ ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఇచ్చేశారు. సంఘంలో లేనివాళ్ళు కాబట్టి ఎవర్నీ అడగాల్సిన పనిలేదు. కావాలంటే ఏజెన్సీలో కొత్తగా అప్లై చేసుకోమన్నారు. పొద్దున ఆరింటికి ఫోనుకి మెసేజ్ వస్తే ఆ రోజు పని, లేకపోతే లేదు. జానకమ్మ గారికి రెండుసార్లు వచ్చింది. రెండు బస్సులు మారి, హైవే పక్కన పిల్లలే కనపడని చోట నిలబెట్టారు. మూడోసారి నుంచి మెసేజ్ రావడం మానేసింది. పాత బడి ముందు ఇప్పుడెవరో కాలేజీ పిల్ల నిలబడుతోంది. అయినా జానకమ్మ గారు కోటు తొడుక్కుని రోజూ బడి వేళకి ఆ పక్క ఫుట్‌పాత్ మీదకి వచ్చి నిలబడతారని విద్య చెప్పింది. నేనప్పటినుంచి ఆ వీధిలో వెళ్ళడం లేదు.

ఇక నాలుగోదానికి జవాబు. పేరు అడిగావు కదా. చక్రధర్. మీ మీటింగులో చెప్పేటప్పుడు ఇంటిపేరుతో సహా చెప్పు.

ఫిబ్రవరిలో రింకు పైనున్న మీటింగు గదిలో కూర్చున్నాం. నగరం తరఫున మేనేజరు, నగరం సంఘం తరఫున డగ్ అనే ఆయన, మా తరఫున నేను. మూడో రోజు అది. మా ఏళ్ళ సంగతి ఒక్క అంగుళం కదలడం లేదు. డగ్ చెడ్డవాడు కాదు. వాళ్ళ నగరంలో సంఘం లేని పార్ట్ టైమ్ వాళ్ళు అరవై మంది ఉన్నారు. మా పదకొండు మంది లోపలికొస్తే, మరి మా సంగతేమిటని ఆ అరవై మందీ తలుపు తడతారని ఆయన భయం. అదే జరిగితే ఖర్చని మేనేజరు భయం. ఇద్దరూ ఆ మాట పైకి అనలేదు. ఆ మాట అన్నారన్న నింద తమ మీద పడకూడదని చూస్తున్నారు. నాకర్థమైంది. వాళ్ళు అనకముందే, వాళ్ళు అడగకముందే, నేనే అన్నాను. "పార్ట్ టైమ్ వాళ్ళని పక్కన పెడితే మావాళ్ళ సీనియారిటీ మాకిస్తారా?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మేనేజరు లేచి కాఫీ పోసుకొచ్చాడు, నాకూ ఒక కప్పు తెచ్చాడు. మూడు రోజుల్లో వాడు నాకు కాఫీ తేవడం అదే మొదటిసారి. "వారానికి ఇరవై నాలుగు గంటలకు మించి పనిచెయ్యనివారు మినహా" అని ఒక లైను రాశారు. సంతకం పెట్టాను. అరగంట పట్టలేదు.

ముప్ఫై ఎనిమిది కుటుంబాల కోసం చేశానని చాలారోజులు నాకు నేను చెప్పుకున్నాను. విద్య కూడా అదే అంది. "పదకొండు మంది కోసం అందర్నీ ముంచుతారా? అందులో సగం మందికి ఇంట్లో జరుగుతుంది" అంది. ఆ మాట పట్టుకుని వేలాడాను. కానీ నీకు అబద్ధం రాయనని మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. రెండు రింకులకూ కలిపి బండి నడిపేవాళ్ళని ఆరుగురి నుంచి నలుగురికి తగ్గిస్తారని ఆ గదిలోకి వెళ్ళే ముందే నాకు తెలుసు. అడుగున చేరిస్తే నేను పోతాను. నా పదిహేడేళ్ళు నాకు దక్కితే మూడోవాణ్ణి. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకు ముప్ఫై ఎనిమిది మొహాలు కనపడలేదు అక్కా. నా ఒక్కడి ఉద్యోగమే కనపడింది. కంచే చేను మేసింది. మేసి, ఆ చేను మీద బోర్డు వాళ్ళు పడ్డారని నీకు ఉత్తరం రాసింది.

బోర్డు ఏం తియ్యలేదు. మేం ముగ్గురం ఒప్పుకుని ఇచ్చిన కాగితానికి ముద్ర వేసింది, అంతే.

కొత్త సంఘంలో నన్ను కమిటీలోకి తీసుకున్నారు. ఒక జాకెట్ ఇచ్చారు. ఏరు దాటాక నేనూ బోడి మల్లన్ననే అవుతానని డగ్‌కి తెలుసు, నాకూ తెలుసు, అయినా తొడుక్కున్నాను. నీలం రంగు. బాగానే వెచ్చగా ఉంటుంది.

అక్టోబరులో జానకమ్మ గారూ మిగతా పదిమందీ లేబర్ బోర్డుకి ఫిర్యాదు పెట్టారు. మేం సభ్యులం, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మా సంఘమే మమ్మల్ని బయట పడేసిందని. బోర్డు ఆర్డరు తెప్పించి, అది సంఘాల ఒప్పందం మీద వేసిన ముద్రేనని కనిపెట్టిందీ, కాగితాలన్నీ చూస్తున్నదీ జానకమ్మ గారి కూతురి కూతురు వర్ష. రెజైనాలో చదువుకుని ఈ మధ్యే ఇక్కడికి వచ్చింది, చురుకైన పిల్ల. ఈ నెల ఇరవై ఏడున విచారణ. అక్కడ తేలాల్సింది ఒక్కటే, ఆ మాట ఎవరి నోట వచ్చిందీ, ఎందుకు వచ్చిందీ అని. మేనేజరు సంఘాల వాళ్ళే అడిగారంటాడు. డగ్ యజమానే అడిగాడంటాడు. గదిలో రాసుకున్నది ఏమీ లేదు. వాళ్ళిద్దరూ అలా తోసుకుంటూ పోతే ఫిర్యాదు కొట్టుకుపోతుంది, జానకమ్మ గారి పని ఇక రాదు. నేను నిజం చెబితే నిలబడొచ్చు. కానీ ఒప్పందం మొత్తం తిరగదోడే ప్రమాదం ఉంది. అప్పుడు నా ముప్ఫై ఎనిమిది మంది నన్ను నడిరోడ్డు మీద కడిగేస్తారు. అన్నిటికంటే ముందు పోయేది నా ఉద్యోగం. "మతి పోయిందా నీకు, నోరు మూసుకుంటే నెలలో అంతా సర్దుకుంటుంది" అని, నేను చెప్పేసేలా ఉన్నానని పసిగట్టిన డగ్ ఫోన్ చేశాడు. మర్యాదగానే అన్నాడు.

మొన్న గురువారం కూర్చుని జరిగింది జరిగినట్టు రాశాను. విద్యకి చూపించాను. కోప్పడుతుందనుకున్నాను. మొదటి పేజీ చదివి, "'మేం ప్రతిపాదించాం' అని రాశారేమిటి? మన సంఘం తరఫున ఆ గదిలో మీరు కాక ఇంకెవరున్నారు?" అంది. "చెప్పదలుచుకుంటే సరిగ్గా చెప్పండి. సగం చెప్పి సగం దాచుకునేటట్టయితే ఉద్యోగమే ఉంచుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాశాను.

నిన్న మధ్యాహ్నం అది పట్టుకుని జానకమ్మ గారింటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర బూట్లు చాలా ఉన్నాయి. మేం ఇప్పించిన బూట్లే, గుర్తుపట్టాను. వర్ష తలుపు తీసి "హాయ్ అంకుల్" అంది. కాగితం ఇచ్చాను. అక్కడే నిలబడి చదివింది. చదివి నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళింది. లోపల ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వు ఆగింది. వర్ష ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చదవడం వినపడింది. నా తప్పు రెండు భాషల్లో విన్నాను. రెండింటిలోనూ ఒకేలా ఉంది.

జానకమ్మ గారు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఇది నువ్వే రాసినవా తమ్మీ?"

"నేనే అక్కా."

"ఎవలన్న రాయమన్నరా?"

"లేదు."

"ఆ దినం, ఓటేస్తందుకు నేనొచ్చిన దినం, నీకు తెలుసా?"

"తెలుసు."

ఆవిడ తల ఊపారు. అరుస్తారనుకున్నాను, ఏడుస్తారనుకున్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది. "ఇరవై ఏడున అందరి ముంగట గిదే చెప్పాలె" అన్నారు. చెబుతానన్నాను. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కొంగులో పెట్టుకున్నారు.

ఆ ఇంటికి వెళ్ళి చాయ్ తాగకుండా, ఏదో ఒకటి తినకుండా తిరిగొచ్చింది లేదు. అలవాటుగా నా చేతులు బూటు తాడు మీదకి వెళ్ళాయి. ఒక బూటు విప్పాను కూడా. ఆవిడ తలుపు మీద చెయ్యి పెట్టారు.

"బూట్లు ఇప్పకుండ్రి సారూ. లోపట మీటింగ్ నడుస్తున్నది. ఇరవై నాలుగు గంటల లోపటోళ్ళకే."

నగరం మేనేజరుని ఆవిడ సారూ అనే పిలుస్తారు.

మెట్ల మీద కూర్చుని విప్పిన బూటు మళ్ళీ కట్టుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి చాలాసేపు పట్టింది. లోపల మళ్ళీ మాటలు మొదలయ్యాయి. మూడేళ్ళ కిందట నేను కూర్చోబెట్టి నేర్పిన మాటలే, ఎవరి పని ఏమిటి, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి అని. నేను లేకుండా బాగానే జరుగుతోంది. సంతోషించాలి కదా? నాకు సంతోషం రాలేదు. సిగ్గుతో పాటు కుళ్ళు కూడా వచ్చింది, ఆ గదిలో నా కుర్చీ లేదని. ఇదీ నీకు రాయాల్సిందే.

ఇరవై ఏడున వెళ్ళి చెబుతాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తర్వాత రాస్తాను. క్షమించమని నిన్ను అడగను, అది ఇవ్వాల్సింది నువ్వు కాదు. ఆవిణ్ణి అడిగే ధైర్యం నాకింకా రాలేదు. నీకు జవాబు రాయాలనిపిస్తే రాయి. కవరు చింపగానే నేను చూసేది మొదటి లైను, నన్ను ఏమని పిలిచావో అని. మిగతాది మెల్లగా చదువుకుంటాను.

ఇట్లు,
ఈ రోజుకింకా నీ తమ్ముణ్ణే అనుకుంటున్న
చక్రధర్